మోకాలికి గంజాయి పూత

(కందుకూరులో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త అవతలికి జరపండి నాయనా. ముప్ఫై ఏళ్ళు విద్యార్థుల మీద అరిచిన గొంతు ఇది. దానికి మైకు కూడా తోడైతే బస్టాండులో ఉన్నవాళ్ళు కూడా నా ప్రసంగం వినాల్సి వస్తుంది.

కార్యదర్శిగారు ఫోను చేసి, "మాస్టారూ, ఈసారి మోకాళ్ళ నొప్పుల మీద మాట్లాడండి" అన్నారు. ఆ విషయం మీద మాట్లాడటానికి ఈ హాల్లో ఎవరిని లేపినా గంటకు తక్కువ కాకుండా మాట్లాడతారు, నేనెందుకు అన్నాను. మన ఊరు 1970లో నెల్లూరు జిల్లా నుంచి ప్రకాశంలోకి వెళ్ళింది. 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లు ఎక్కి దిగిన మోకాళ్ళే ఇక్కడ సగం ఉన్నాయి. (నవ్వులు)

అప్పుడాయన గొంతు తగ్గించి, "అది కాదు మాస్టారూ, ఆ గంజాయి పూత సంగతి చెప్పండి, మనవాళ్ళలో నలుగురైదుగురు వాడుతున్నారు" అన్నారు. ఆ మాట అంత రహస్యంగా చెప్పాల్సిన అవసరం లేదు. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను, అందరూ చూడండి. ఈ మొదటి డబ్బా ఖాళీది. మన సభ్యులొకరికి అమెరికా నుంచి కోడలు తెచ్చి ఇచ్చినది. రెండోది మన దేశంలోనే ఆయుర్వేద లైసెన్సుతో తయారైన పూతమందు, నేను కొన్నది. రెండింటి మీదా అదే ఐదు రెక్కల ఆకు బొమ్మ. తులసివనంలో గంజాయి మొక్క అని మనవాళ్ళు తిట్టేవాళ్ళు. ఇప్పుడు తులసి ఆకు బొమ్మ వేసిన డబ్బా వంద రూపాయలకు దొరుకుతుంది, ఈ ఆకు బొమ్మ వేస్తే వెయ్యి అడుగుతున్నారు.

బొమ్మను వదిలేసి వెనకాల చిన్న అక్షరాలు చదువుదాం. నేను భూతద్దం తెచ్చుకున్నాను, మీరూ మందులు కొనేటప్పుడు ఒకటి తీసుకెళ్ళండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అమెరికా డబ్బాలో అరవై గ్రాముల క్రీము ఉండేది. దాంట్లో సీబీడీ, అంటే గంజాయి మొక్కలో మత్తు ఎక్కించని పదార్థం, 500 మిల్లీగ్రాములు ఉందని రాశారు. లెక్క వేయండి. గ్రాముకు ఎనిమిది మిల్లీగ్రాములు. చూపుడువేలి కొసతో తీసి మోకాలికి గ్రాము రాస్తే చర్మం మీద పడేది ఆ ఎనిమిదే. ఇక దాని కింద, "పనిచేసే పదార్థం" అన్న శీర్షికలో ఏం రాశారో వినండి: మెంథాల్, నాలుగు శాతం. గ్రాముకు నలభై మిల్లీగ్రాములు. సీబీడీకి ఐదు రెట్లు. పేరు గంజాయిది, పని పుదీనాది. ఇది నేను చెబుతున్న మాట కాదు, డబ్బా వెనక వాళ్ళే రాసుకున్న మాట. ఎందుకంటే అమెరికాలో మందుల అనుమతి ఇచ్చే సంస్థ నొప్పికి సీబీడీ పూతను ఇంతవరకూ దేన్నీ మందుగా ఒప్పుకోలేదు. మెంథాల్‌ను ఒప్పుకుంది.

అయితే ఈ మొక్కలో ఏమీ లేదని నేను అనను. మన వైద్యంలో దీని పేరు విజయ. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు దీన్ని కీళ్ళవాతానికి, ధనుర్వాతానికి, కలరాకు ఇచ్చి చూసి రాసిన వ్యాసం చదివే ఐరోపా వైద్యులు దీని వైపు చూశారు. గమనించండి, ఆయన కీళ్ళవాతానికి లోపలికి ఇచ్చాడు, పైన పూయలేదు. ఇంకో ముచ్చట ఉంది. గంజాయి మంచిదా చెడ్డదా తేల్చమని బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిషను వేసింది 1893లో. సరిగ్గా అదే ఏడాది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కమిషను పెద్ద నివేదిక రాసి వెళ్ళిపోయింది. పంతులుగారి పసుపు రంగు మందు మాత్రం ఇప్పటికీ మీ తలగడ కింద ఉంది.

తరవాతి కథ ఇజ్రాయెల్‌లో నడిచింది. మెచౌలం అనే రసాయన శాస్త్రవేత్త 1964లో సహచరుడితో కలిసి ఈ మొక్కలో మత్తు కలిగించే పదార్థాన్ని విడదీసి చూపించాడు. దాన్ని టీహెచ్‌సీ అంటున్నాం. మన ఒంట్లో దానికి సరిపోయే తాళం ఉందంటే, ఆ తాళానికి మన శరీరమే చేసుకున్న చెవి కూడా ఉండాలి కదా అని వెతికారు. 1992లో దొరికింది. దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? ఆనందమైడ్. మన సంస్కృతంలోని "ఆనందం" తీసుకెళ్ళి పెట్టారు. తైత్తిరీయోపనిషత్తు చదువుకున్న మన శాస్త్రిగారు తల ఊపుతున్నారు. (నవ్వులు) ఆ తాళాలు మెదడులోనే కాదు, చర్మంలోనూ ఉన్నాయి. పూత కంపెనీల వాళ్ళకు దొరికిన కొస అదే. చర్మంలో తాళం ఉంది, మా క్రీములో తాళంచెవి ఉంది, రాసుకుంటే చాలు అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ మోకాలి నొప్పి చర్మంలో లేదు కదా! అక్కడే మోకాలికీ బోడిగుండుకీ ముడి పడుతోంది.

చర్మం అంటే మనం అనుకున్నంత మెత్తని వ్యవహారం కాదు. అన్నిటికన్నా పైన ఉండే చచ్చిన కణాల పొర మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే ఎక్కువ. అరికాలూ అరచేయీ లెక్క వేరు. అంత పల్చని పొరే కోట గోడ. కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నానికి బదులు కొవ్వు. సీబీడీకి కొవ్వంటే ప్రాణం, నీళ్ళంటే పడదు. కాబట్టి ఆ కొవ్వులోకి సులువుగా దిగుతుంది. దిగి, అక్కడే కూర్చుంటుంది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడిలాగా, లోపలికి రావడం సులువే, కదలడం ఉండదు. ఎందుకంటే ఆ కింద ఉన్న బతికిన పొరల్లో నీరు ఎక్కువ. ఆ కింద కొవ్వు, కండరం, ఆ తరవాత కీలు. గీరితే రక్తం వచ్చే లోతు దాటడానికే దీనికి ఆపసోపాలు. ఇక మోకాలి చిప్ప వెనక్కి ఎప్పుడు చేరేను?

ఇక్కడ ఒక పని చేసి చూపిస్తాను. (మూడు పొట్లాలు, ఒక గాజు సీసా బల్ల మీద పెట్టారు) మూలికల దుకాణంలో కొన్నాను. ఇది పుదీనా పువ్వు, సూదుల్లాంటి పలుకులు, అంటే మెంథాల్. ఇది వాము పువ్వు. ఇది కర్పూరం. మూడూ గట్టి పదార్థాలే, చూశారుగా, సీసాలో గలగలమంటున్నాయి. ముందు వరసలో అమ్మగారూ, ఈ సీసా మీరు పట్టుకుని మెల్లగా ఊపుతూ ఉండండి. మంట లేదు, నీళ్ళు లేవు. నేను మాట్లాడుతూ ఉంటాను.

ఈ మూడూ చర్మం మీద ఏం చేస్తాయి? మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను తడుతుంది. ఒళ్ళు నిజంగా చల్లబడదు, చల్లబడిందని మెదడుకు కబురు వెళుతుంది. మిరపకాయ దానికి ఎదురు, వేడిని పసిగట్టే కొసలను తడుతుంది. ఆ కొస ఏదో మిరపకాయ ఘాటుతోనే 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరపకాయ కోసి చేత్తో కళ్ళు తుడుచుకున్న మన ఆడవాళ్ళందరికీ ఆ పరిశోధన ఫలితం ముందే తెలుసు. (నవ్వులు) ఇలా పైన చల్లగానో వేడిగానో కబుర్లు గుప్పిస్తే, లోపలి నుంచి వస్తున్న నొప్పి కబురు వెన్నుపాము గుమ్మం దగ్గర వరసలో ఆగుతుంది. గుమ్మం సంగతి మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పారు. మీ అమ్మ దెబ్బ తగిలిన చోట రుద్దింది ఆ లెక్కనే.

ఏమ్మా, సీసా ఎలా ఉంది? (ముందు వరస నుంచి: "నీరైపోతోంది మాస్టారూ!") చూపించండి అందరికీ. మూడు గట్టి పదార్థాలు కలిస్తే నీరైంది. ఒకదాని పక్కన ఒకటి చేరేసరికి కరిగే వేడిమి పడిపోయింది. మీ నాయనమ్మ ఇంట్లో అమృతధార అని ఉండేది ఇదే. ఇదే సూత్రంతో చర్మాన్ని మొద్దుబార్చే రెండు మందుల పొడులను కలిపి నూనెగా చేసి, సూది వేసే ముందు పిల్లల చేతికి రాసే క్రీము చేశారు. ఆ క్రీము రాసి, పైన కప్పి, గంట ఆగాలి. గంట! చర్మం కింద కొద్ది మిల్లీమీటర్లు మొద్దుబారడానికి. ఈ డబ్బా మీద మాత్రం "క్షణాల్లో ఉపశమనం" అని ఉంది. క్షణాల్లో వచ్చేది ఈ సీసాలోని పువ్వుల పనే, ఆకు పని కాదు.

నేను ఊరికే అనడం లేదు. మా అక్కకు డెబ్భై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఈ రెండో డబ్బా కొన్నప్పుడు దాని వెనక ఉన్నవన్నీ చూశాను: విజయ ఆకు సారం, వింటర్‌గ్రీన్ నూనె, నీలగిరి తైలం, పుదీనా పువ్వు, కర్పూరం. ఆకు సారం ఒక్కటి తప్ప మిగిలినవన్నీ మైనంలో, కొబ్బరినూనెలో కలిపి అదే రంగులో ఇంట్లో చేశాను. రెండు చిన్న డబ్బాలు, ఒకదాని మూత మీద సున్నా, ఇంకోదాని మీద గీత. ఏది ఏదో అక్కకు చెప్పలేదు. కుడి మోకాలికి సున్నా, ఎడమ మోకాలికి గీత, వారం తరవాత మార్చాలి. రోజూ రాత్రి పంచాంగం మీద మార్కులు వేసింది, పదికి ఇన్ని అని. రెండు వారాలయ్యాక చూస్తే ఎక్కువ మార్కులు పడింది నా ఇంటి మందుకు. ఎందుకక్కా అని అడిగితే, "దీని వాసన గాఢంగా ఉందిరా, పనిచేస్తున్నట్టు తెలుస్తోంది" అంది. ఒక్క మనిషి, ఒక్క తమ్ముడు. దీన్ని పరిశోధన అనకండి. కానీ పూతమందుల లోకం ఎలా నడుస్తుందో ఆ ఒక్క వాక్యంలో ఉంది.

నిజమైన పరిశోధన అంకెలు కావాలంటే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు జెల్ సంగతి చూడండి. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళ మీద చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఆ జెల్ కొన్ని వారాలు రాసుకున్న పదిమందిలో ఆరుగురికి నొప్పి బాగా తగ్గింది. మందు కలపని ఉత్త జెల్ రాసుకున్న పదిమందిలో ఐదుగురికి తగ్గింది. మళ్ళీ చెబుతున్నాను, ఉత్త జెల్‌తోనే ఐదుగురికి! మందు వాటా ఆ ఆరో మనిషి. ఆ జెల్ మంచిదే, మాత్రగా మింగినప్పటితో పోలిస్తే రక్తంలోకి చేరేది ఆరు శాతం దగ్గర, కడుపుకీ మూత్రపిండాలకీ భారం తక్కువ. కాబట్టి గంజాయి క్రీముతో నాకు తగ్గింది అని ఎవరైనా అంటే నేను నమ్ముతాను. ఐదుగురిలో ఆయనొకరు. కానీ ఆరో మనిషిని చూపించమంటే, మోకాలి విషయంలో ఈ క్రీములు అమ్మేవాళ్ళ దగ్గర మాటలే ఉన్నాయి. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2021లో ఉన్న ఆధారాలన్నీ జల్లెడ పట్టి, నొప్పికి గంజాయి పదార్థాలను మేము సమర్థించలేము అని ప్రకటించింది.

ఒక చోట మాత్రం నేను తలుపు మూయను. షుగరుతోనో మరోదానితోనో అరికాళ్ళలో మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండేవాళ్ళు ఇక్కడ చాలా మంది ఉన్నారు. ఆ జబ్బు ఉన్న నరాల కొసలు చర్మంలోనే ఉన్నాయి, మోకాలి చిప్ప వెనక కాదు. 2020లో వచ్చిన ఒక చిన్న పరీక్షలో సీబీడీ నూనె రాసుకున్నవాళ్ళకు ఉత్త నూనె వాళ్ళకన్నా నొప్పి తగ్గింది. పాల్గొన్నది 29 మంది, నాలుగు వారాలు. పెళ్ళిబస్సులో పట్టే జనం కూడా కాదు. అయినా ఆలోచన దారిలో ఉంది. మీకు ఆత్రంగా ఉంటే చెబుతున్నా, అదే అరికాలి మంటకు అమెరికాలో అనుమతి పొందిన పట్టీ మిరప ఘాటుతో చేసింది, ఎనిమిది శాతం. దాన్ని ఆసుపత్రిలోనే వేస్తారు. ఇంట్లో పచ్చిమిర్చి నూరుకుని పట్టు వేయకండి, నన్ను తిడతారు.

ఇక డబ్బా మీద రాసినది డబ్బాలో ఉంటుందా? అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 105 పూతలు కొని పరీక్షించి 2022లో వెల్లడించారు. సీబీడీ ఎంతో అంకె వేసినవాటిలో ఆ అంకెకు దగ్గరగా ఉన్నవి నాలుగో వంతు. అన్నిటిలో మూడో వంతుకు పైగా డబ్బాల్లో టీహెచ్‌సీ కూడా కనిపించింది. అక్కడ అది పెద్ద సంగతి కాకపోవచ్చు. ఇక్కడ సంగతే.

మన 1985 చట్టంలో గంజాయి అంటే పూత పట్టిన, కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ ఆ మాట కిందికి రావు. అందుకే మన లైసెన్సు డబ్బాల మీద "విజయ ఆకు" అని జాగ్రత్తగా రాస్తారు. అమెరికాలో 2018 నుంచి టీహెచ్‌సీ 0.3 శాతం దాటని మొక్కను మామూలు పంటగా చూస్తున్నారు, సారం తీసేది ఎక్కువగా పూల నుంచే. మన చట్టంలో ఆ పూల కొసలకు ఇంత శాతం లోపు ఫరవాలేదు అన్న మినహాయింపు లేదు. సూట్‌కేసులో పచ్చళ్ళు తెచ్చినట్టు తెచ్చే వస్తువు కాదు, కోడళ్ళకు చెప్పండి. ఇంకా ఘోరం, ఒకాయన నన్ను అడిగాడు, ఏజెన్సీ సరుకు కాస్త దొరికితే కొబ్బరినూనెలో నానబెట్టుకోవచ్చా అని. ఆ సరుకు చెన్నై వైపు వెళ్ళేది మన పదహారో నంబరు రహదారి మీదుగానే, టోల్‌గేట్ల దగ్గర బండ్లు ఆపి ఎందుకు వెతుకుతారనుకున్నారు? కొద్ది మొత్తానికైనా ఏడాది దాకా కఠిన జైలు, పదివేల దాకా జరిమానా ఉన్నాయి. పింఛను కాగితాల కోసం తిరిగిన కాళ్ళతో కోర్టు చుట్టూ తిరగాలి. గింజ నూనె అన్నది వేరు. 2021 నుంచి తినే పదార్థంగా అనుమతి ఉంది. అది నువ్వుల నూనె లాంటి నూనె, దాంట్లో సీబీడీ ఉండదనుకోండి. ఆకు బొమ్మ వేసి గింజ నూనె అమ్మే డబ్బాలే బజారులో ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట మధ్యలో మరిచిపోయేలా ఉన్నాను. నొప్పి దేనివల్లో తెలుసుకోకుండా పైన ఏం పూసినా ఒకటే. అందరూ లేచి నిలబడండి. లేవగలిగినవాళ్ళే. గడ్డం ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టండి. మోకాళ్ళు వంచకుండా కాలి బొటనవేళ్ళు తాకండి. సరే, కూర్చోండి. వయసు వల్ల మూడోది రానివాళ్ళు ఉంటారు, కంగారు పడకండి. మొదటి రెండూ కూడా రాకుండా, మెడా నడుమూ చెక్కలా బిగిసి ఉంటే, ఆ మనిషి చిన్నప్పుడు తాగిన నీళ్ళ గురించి అడగాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి, మొదటిసారి వైద్య పత్రికలో రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అది ఎముకలో పేరుకున్న తరవాత వావిలాకు కాపడమూ, ఆముదం రాసిన జిల్లేడు ఆకూ, ఈ గంజాయి డబ్బా అన్నీ ఒకటే. కాసేపు వెచ్చగా ఉంటుంది. అవతల బిందెలో అదే నీళ్ళు. మీ ఊళ్ళలో బంధువులు నొప్పి అంటే ముందు బోరు నీళ్ళు పరీక్షకు ఇమ్మనండి, క్రీము తరవాత.

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరస నుంచి: "నేను నెల రోజులుగా ఈ రెండో రకమే వాడుతున్నాను, తగ్గింది. మానేయమంటారా?")

మానమనను బావగారూ. తెగిన చోట, పుండు మీద రాయకండి, రాశాక చేతులు కడుక్కోండి. కానీ ఈ డబ్బా అయిపోయాక మామూలు బామ్ ఒకటి కొని, పేరు చూడకుండా అంతే శ్రద్ధగా పదినిమిషాలు రుద్దుకుని చూడండి. తేడా లేకపోతే నెలకు ఆ డబ్బు మిగులుతుంది.

(ముందు వరసలో సీసా పట్టుకున్న ఆమె: "మాస్టారూ, మా వారికి గుండె కవాటం మార్చారు, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. రోజుకు మూడుసార్లు నడుముకు బామ్ రాస్తాను. ఏమీ కాదు కదా?")

ఏ బామ్ అమ్మా? డబ్బా ఉందా, ఇలా ఇవ్వండి. (భూతద్దంతో చూసి) ఇదిగో, వింటర్‌గ్రీన్ నూనె. దాంట్లో ఉండేది మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్‌కు చుట్టం. ఇంత సేపూ చర్మం దాటదు దాటదు అన్నానే, ఇది దాటుతుంది. వార్ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు రోజూ ఎక్కువ మేర రాస్తే రక్తం ఉండాల్సిన దానికన్నా పలచబడుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం రావచ్చు. మాత్ర మానకండి, పూత ఆపండి. రేపు పొద్దున్నే రక్తం ఎంత పలచబడిందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించి, ఈ డబ్బా కూడా డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. ఆ చేతిలో సీసా ఇటివ్వండమ్మా, మూత గట్టిగా పెట్టాలి. కర్పూరం ఉంది, పిల్లలు నోట్లో పోసుకుంటే ప్రమాదం, మీ ఇంట్లో రెండేళ్ళ మనవడున్నాడు.